ఒకే కటా – పలు రీతుల సాధన

విద్య ఏదైనా దానికి రెండు అంగాలున్నాయి. పెద్దల నుండి మనకు సంక్రమించే రూపం మొదటిది. ఆ రూపాన్ని సొంతం చేసికొనడానికి మనం చేసే సాధన రెండవది. రూపం చెడకుండా నిలవాలని గురువులు కోరుకొనడం సహజమే. కాని రూపానికి చెందిన ఆ నియమాన్ని సాధనకు కూడా అంటగట్టి, సాధన సైతం ఒకే వరుసలో, ఒకే వేగంతో, ఒకే దిక్కుకు తిరిగి సాగవలసిందేనని పట్టుబట్టినప్పుడు విద్య చిలుక పలుకుగా మారిపోతుంది. ఈ మాట వ్యాకరణానికి, ఛందస్సుకు, సంగీతానికి సమానంగా వర్తిస్తుంది. ఈ వ్యాసంలో దానిని కరాటే విద్యకు, ముఖ్యంగా అందులోని 'కటా' అనే అంశానికి అన్వయించి పరిశీలించదలచాను.

తెలుగు పాఠం చెప్పుకొనే వానికి కరాటేతో ఏమి పని అని పాఠకులు ప్రశ్నించవచ్చు. పని ఉన్నది. 2005లో తొలి అంతర్జాతీయ వన్డే పోటీ జరిగిన నాటి నుండి ఉప్పల్ అనగానే ఎవరికైనా క్రికెట్ స్టేడియమే గుర్తుకు వస్తుంది. నాచారం అనగానే పారిశ్రామికవాడ, షిఫ్టుల సైరన్లు, ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి గుర్తుకు వస్తాయి. కాని ఆదివారం ఉదయం ఈ రెండు ప్రాంతాల నడుమ ఏ కాలనీ పార్కులోకి తొంగిచూచినా, ఏ పాఠశాల ఆవరణలో అడుగుపెట్టినా తెల్లని దుస్తులు, రంగురంగుల బెల్టులు ధరించిన పిల్లలు వరుసలు తీరి నిలబడి కనబడతారు. వారిలో తెలుగు ఇండ్ల పిల్లలు ఉన్నారు, ఉర్దూ ఇండ్ల పిల్లలు ఉన్నారు, పని వెదుక్కొంటూ ఇతర రాష్ట్రాల నుండి వచ్చిన కార్మికుల పిల్లలూ ఉన్నారు. అందరూ కలిసి "ఇచి, ని, సాన్, షి, గో" అని తమలో ఎవరికీ మాతృభాష కాని భాషలో లెక్కపెడుతూ ఒకే కదలికలు చేస్తారు. ఇన్ని భాషల పిల్లలు ఇంత ఐక్యంగా ఒక పాఠం నేర్చుకొనే చోటు మన తరగతి గదులలో సైతం అరుదు. అందుచేత అక్కడ బోధన ఎట్లా జరుగుతున్నదన్న విషయం బోధకులమైన మనందరికీ సంబంధించినదే.

ఇంతకూ కటా అంటే ఏమిటి? ఎదుట శత్రువు ఉన్నట్లు భావించి ఒక్కరే చేసే కదలికల క్రమబద్ధమైన కూర్పు కటా. అడ్డుకొనడం, గుద్దడం, తన్నడం, తిరగడం అందులో ఒక నిర్ణీతమైన వరుసలో వస్తాయి. మన సాముగరిడీలలో కర్ర తిప్పే వానికి వరుసలు ఉన్నట్లే కరాటేలో కటాలు ఉన్నాయనుకొనవచ్చు. షోటోకాన్ శాఖలో సాధారణంగా పిల్లలకు మొట్టమొదట నేర్పే కటా పేరు 'హెయాన్ షోదాన్'. అందులో మొత్తం 21 కదలికలు. అయితే విడదీసి చూస్తే ఆ 21లో ఉన్నవి అయిదు రకాలు మాత్రమే. క్రిందికి అడ్డుకొనేవి 6, అడుగు ముందుకు వేసి గుద్దేవి 7, తలపైకి అడ్డుకొనేవి 3, అరచేతి అంచుతో అడ్డుకొనేవి 4, పిడికిలిని సుత్తివలె దించేది 1. తక్కినదంతా దిక్కులు మారడమే. ఒకచోట పావు చుట్టు, ఒకచోట అరచుట్టు, మరొకచోట ముప్పాతిక చుట్టు. అనగా ఆ కటాలోని సారం కదలికల సంఖ్యలో లేదు; దిక్కు మారినా నిలకడ చెడకుండా ఉండడంలో ఉన్నది.

మరి ఈ కటాను మన చుట్టుప్రక్కల ఎక్కువగా ఎట్లా నేర్పుతున్నారు? మాస్టారు ఎదుట నిలబడి అంకెలు చెబుతారు. అంకెకు ఒక కదలిక చొప్పున పిల్లలు చేస్తారు. ప్రతిసారి మొదటి నుండి మొదలై చివరి దాకా పోతుంది. ప్రతిసారి ముఖం అదే గోడ వైపు, అదే జెండా స్తంభం వైపు. మూడు నాలుగు నెలలకు బెల్టు పరీక్ష వస్తుంది. పరీక్షలో కూడా అదే వరుస, అదే లెక్క. బెల్టు రంగు మారుతుంది, తరువాతి కటా మొదలవుతుంది. ఆ పిల్లవానిని పిలిచి, "బాబూ, పదవ కదలిక నుండి చేయి" అంటే చేయలేడు. మొదటి నుండి మనస్సులో లెక్కపెట్టుకొని వస్తేగాని పదవది దొరకదు. గోడ వైపు కాక గేటు వైపు తిరిగి నిలబడి చేయమంటే మూడవ మలుపు దగ్గర తికమక పడతాడు. ఇది పిల్లవాని లోపం కాదు. అతడు నేర్చుకొన్నది కటాను కాదు, ఒక గోడ ఎదుట కొన్ని అంకెల వెంట నడవడాన్ని. పద్యం నాలుగు పాదాలూ గడగడ అప్పజెప్పే విద్యార్థిని మూడవ పాదం చెప్పమంటే తడబడడం మనం రోజూ తరగతిలో చూచే దృశ్యమే గదా!

ఇందులో పెద్ద ప్రమాదం ఏమున్నదని కొందరు అనవచ్చు. వ్యాయామం జరుగుతున్నది, క్రమశిక్షణ అలవడుతున్నది, అది చాలదా అని అడుగవచ్చు. కేవలం వ్యాయామమే లక్ష్యమైతే చాలునేమో. కాని తల్లిదండ్రులు, ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రులు, నెలనెలా ఫీజు కట్టి పంపుతున్నది అందుకు మాత్రమే కాదు. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర క్రిక్కిరిసిన బస్సు ఎక్కి, లేదా మెట్రో దిగి చీకటి సందులో నడచి ఇంటికి చేరే అమ్మాయికి ఒక ధైర్యం కలగాలని వారి ఆశ. ప్రభుత్వం సైతం అదే ఆశతో సమగ్ర శిక్షా పథకం క్రింద, రాణీ లక్ష్మీబాయి పేరిట, ప్రభుత్వ పాఠశాలల బాలికలకు మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఇప్పిస్తున్నది. మూడు నెలలు! ఆ కొద్దికాలంలో ఏమి నేర్పాలి, ఎట్లా నేర్పాలి అన్న ప్రశ్నకు సమాధానం మీదనే ఆ అమ్మాయిల ఆత్మవిశ్వాసం ఆధారపడి ఉన్నది.

హెయాన్ షోదాన్‌లోని నాలుగవ కదలికనే తీసికొందాం. ముందుకు చాచిన చేతిని ఒక్కసారిగా వెనుకకు లాగి, ఆ పిడికిలినే పైనుండి సుత్తివలె దించాలి. అంకెల వెంట చేసే పిల్లకు అది 'నాలుగు' మాత్రమే. కాని దాని వివరణలలో ఒకటి ఇది: ఎవరో మణికట్టు పట్టుకొన్నారు, ఆ పట్టును విడిపించుకొని తిరిగి కొట్టాలి. ఈ అర్థం చెప్పి, తోటి పిల్లచేత మణికట్టు పట్టించి, కుడి చేత ఒకసారి, ఎడమ చేత ఒకసారి, నిలబడి ఒకసారి, గోడకు ఆనుకొని ఒకసారి, పుస్తకాల సంచి భుజాన ఉండగా ఒకసారి చేయించినప్పుడే ఆ కదలిక ఆ పిల్లకు అక్కరకు వస్తుంది. లేకపోతే ఆమె దగ్గర మిగిలేది ఒక బెల్టు, ఒక ధృవపత్రం, ఒక భ్రమ. భ్రమ అజ్ఞానం కంటె ప్రమాదకరం. తనకు రాదని తెలిసిన పిల్ల తప్పుకొని పోతుంది. వచ్చునని భ్రమపడిన పిల్ల నిలబడిపోతుంది.

పూర్వుల కాలం నుండి ఇట్లాగే వస్తున్నది, మార్చడం అపచారం అనే వాదం ఒకటి వినబడుతుంది. చరిత్ర చూస్తే ఈ వాదం నిలవదు. కరాటే పుట్టిన చోటు ఒకినావా ద్వీపం. అక్కడి ఇతోసు అంకో (1831–1915) అనే గురువు 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఈ విద్యను పాఠశాలలలో ప్రవేశపెట్టించాడు. బాలుర కోసమే ఆయన అయిదు 'పినాన్' కటాలను కూర్చినాడు. అంతకు ముందు ఏకాంతంగా, కొద్దిమంది శిష్యులకు నేర్పే విద్యను ఒకేసారి పెద్ద తరగతికి బోధించవలసి వచ్చినప్పుడు బోధన మారక తప్పదని ఆయన గ్రహించాడు. ఆయనే 1908లో వ్రాసిన లేఖలో ప్రతి కదలిక వివరణను చక్కగా తెలిసికొని, దానిని ఎప్పుడు, ఏ సందర్భంలో వాడాలో నిర్ణయించుకొని సాధన చేయాలని బోధించాడు. అంకెల వెంట నడిచే పద్ధతి పాఠశాలతో వచ్చింది. అర్థం తెలిసికొనవలెనన్న హెచ్చరిక కూడా ఆ గురువు నుండే వచ్చింది. మనం మొదటిదానిని స్వీకరించి రెండవదానిని విడిచిపెట్టాము.

ఆయన శిష్యుడు, స్వయంగా పాఠశాల ఉపాధ్యాయుడు అయిన ఫునాకోషి గిచిన్ (1868–1957) 1922లో టోక్యో నగరంలో కరాటేను ప్రదర్శించి, క్రమంగా దానిని జపాను ప్రధాన భూభాగంలో వ్యాప్తి చేసినాడు. పినాన్ అనే పేరును అవే లిపి సంజ్ఞల జపాను ఉచ్చారణలో 'హెయాన్' అన్నాడు. అంతేకాదు, మొదటి రెండు కటాల వరుసను తారుమారు చేసినాడు. అనగా ఈనాడు నాచారంలో ఒక పిల్లవాడు మొదటి కటాగా నేర్చుకొనేది ఇతోసు వరుసలో రెండవది! మియాగి చోజున్ (1888–1953) అనే మరొక గురువు 1940లో ప్రారంభ విద్యార్థుల కొరకు 'గెకిసాయ్' అనే క్రొత్త కటాను కూర్చినాడు. షోటోకాన్, గోజు, షితో, వాదో అనే నాలుగు ప్రధాన శాఖలలో ఒకే మూలం నుండి వచ్చిన కటాలలో కూడా నిలుచునే భంగిమలు, చేతుల తీరు వేరువేరుగా ఉన్నాయి. కాబట్టి 'మారని సంప్రదాయం' అని మనం చెప్పుకొనేది మారుతూ వచ్చిన సంప్రదాయమే. ఆ గురువుల గొప్పతనం మార్చడంలో లేదు, మార్చకపోవడంలోనూ లేదు. ఎదుట ఉన్న శిష్యుని చూచి నేర్పడంలో ఉన్నది.

అదే ఫునాకోషి తన ఆత్మకథలో మూడు 'టెక్కి' కటాలు నేర్చుకొనడానికి తనకు పది సంవత్సరాలు పట్టినట్లు చెప్పుకొన్నాడు. ఒక్కొక్క కటాకు మూడేండ్లకు పైమాటే. మూడేండ్లు ఒకే కటాను ఒకే రీతిగా చేసేవాడు విసిగి పారిపోతాడు, లేదా యంత్రమై పోతాడు. మూడేండ్లు నిలిచి దాని లోతులు చూడాలంటే దానిని పలు వైపుల నుండి తడిమి చూడవలసిందే. మన వద్ద ఈనాడు జరుగుతున్నది ఇందుకు విపర్యయం. ఏడాదికి మూడు నాలుగు కటాలు, అన్నీ ఒకే రీతి. నా అభిప్రాయాన్ని ఒక్క వాక్యంలో చెప్పాలంటే ఇది: అయిదు కటాలను ఒక్క రీతిగా నేర్పడం కంటె ఒక్క కటాను అయిదు రీతులుగా నేర్పడం మేలు.

ఈ సూత్రం మన సాహిత్యానికి క్రొత్తది కాదు. అష్టావధానాన్ని చూడండి. పద్యం ఛందస్సు నిర్ణీతం. గణాలు మారవు, యతిప్రాసలు తప్పవు. అయినా పృచ్ఛకులు ఆ ఒకే ఛందస్సును ఎన్ని విధాల పరీక్షిస్తారు! ఒకరు కొన్ని అక్షరాలను నిషేధిస్తారు. ఒకరు నాలుగు పదాలిచ్చి వాటితో పద్యం చెప్పమంటారు. ఒకరు విపరీతార్థం కలిగిన సమస్య ఇచ్చి పూరించమంటారు. మరొకరు ఒక వాక్యంలోని అక్షరాలను వరుస తప్పించి ఒక్కొక్కటిగా అందిస్తే, అవధాని వాటిని వరుసలో పేర్చి అప్పగించాలి. మొదటి నుండి చివరి దాకా వల్లెవేసిన వానికి ఇది సాధ్యమా? ఉర్దూ సాహిత్యంలోని తరహీ ముషాయిరా కూడా ఇట్టిదే. అందరికీ ఒకే మిస్రా ఇస్తారు. అదే బహర్, అదే ఖాఫియా, అదే రదీఫ్. కాని ఒక్కొక్క కవి దానిలో ఒక్కొక్క త్రోవ త్రొక్కుతాడు. రూపానికి భంగం లేదు, సాధనకు హద్దు లేదు. మన పత్రికలోని ఈ రెండు భాషల సంప్రదాయాలు చెబుతున్న పాఠం ఇదే. కరాటే మాస్టారు ఒకసారి పృచ్ఛకుడై "తొమ్మిది! పధ్నాలుగు! మూడు!" అని వరుస తప్పించి అడిగితే పిల్లల ముఖాలలో ఎంత చురుకుదనం వస్తుందో చూడవచ్చును.

ఇక పలు రీతులు అనగా ఏవి? కొన్ని మాత్రం సూచిస్తాను. వీటిలో ఏ ఒక్కటీ నా కల్పన కాదు. శ్రద్ధగల గురువులు అక్కడక్కడ పాటిస్తున్నవే. చేతులు నడుముకు ఆనించి కాళ్ల కదలికలు మాత్రమే చేయడం. దీనివలన మలుపులు స్పష్టపడతాయి. అత్యంత నెమ్మదిగా, ఊపిరితో కలిపి చేయడం; దీనివలన నిలకడ లోపించిన చోటు వెంటనే బయటపడుతుంది. కుడిఎడమలను తారుమారు చేసి అద్దంలోని బింబం వలె చేయడం. వేరువేరు దిక్కులకు ముఖం పెట్టి మొదలుపెట్టడం. నడుమ నుండి మొదలుపెట్టడం. మాస్టారు అంకెలు చెప్పకుండా ఎవరి ఊపిరి వెంట వారు చేయడం. తోటివారు నాలుగు దిక్కుల నుండి రాగా ప్రతి కదలిక అర్థాన్ని పరీక్షించడం. గడ్డిమీద, మట్టిమీద, సిమెంటు నేలమీద చేయడం. అప్పుడప్పుడు తెల్లని దుస్తులు మాని, సల్వార్ కమీజ్‌తోనో, పాఠశాల యూనిఫారంతోనో, చెప్పులతోనో చేయడం. ఎందుకనగా ఆపద వచ్చే వేళకు ఎవరూ కరాటే దుస్తులలో ఉండరు. ఇరుకు గదులలో నివసించే పిల్లలకు అడుగు కుదించి, ఒక చాప మేరలో కటా చేయడం నేర్పితే ఇంటివద్ద కూడా సాధన సాగుతుంది. చివరిగా, నేర్చిన పిల్ల చేత నేర్వని పిల్లకు చెప్పించడం. చెప్పబోయినప్పుడే తనకు ఏది తెలియదో తెలుస్తుంది.

ఇందులో కేకను గురించి ప్రత్యేకంగా చెప్పాలి. హెయాన్ షోదాన్‌లో తొమ్మిదవ కదలిక వద్ద ఒకసారి, పదిహేడవ కదలిక వద్ద ఒకసారి బిగ్గరగా కేక వేయాలి. దానిని 'కియాయ్' అంటారు. పుట్టిన నాటి నుండి గొంతు తగ్గించి మాట్లాడమని హితవు విన్న ఆడపిల్లకు కటాలోని అతి కఠినమైన భాగం ఇదే. చాలామంది పెదవుల మీదనే కేక వేసి ఊరుకొంటారు. ఆ కేకను సైతం పలు రీతుల నేర్పవచ్చు. జపాను కేకకు బదులు ఒకనాడు "వదులు" అని, ఒకనాడు "ఛోడో" అని తమ ఇంటి భాషలో కేక వేయిస్తే గొంతు పెగులుతుంది. ఆపదలో మొదటి ఆయుధం పిడికిలి కాదు, గొంతు. రెండవది అక్కడి నుండి తప్పుకొనే కాలు. పిడికిలి ఆ తరువాతదే.

పలు రీతుల సాధన వలన మేలు కలుగుతుందనడానికి శాస్త్రాధారం కూడా కలదు. 1978లో కెర్, బూత్ అనే పరిశోధకులు ఎనిమిదేండ్ల పిల్లలపై ఒక ప్రయోగం ప్రకటించారు. కొందరు పిల్లలు గింజలు నింపిన చిన్న గుడ్డ సంచులను 3 అడుగుల దూరంలోని గురికి మాత్రమే విసిరి సాధన చేసినారు. మరికొందరు 2 అడుగులు, 4 అడుగుల దూరాలకు విసిరినారు. 3 అడుగుల దూరానికి సాధన చేయనే లేదు. చివరికి అందరినీ 3 అడుగుల దూరంలో పరీక్షించగా, ఆ దూరాన్ని ఎన్నడూ సాధన చేయని పిల్లలే మెరుగుగా విసిరినారు. శరీరం జ్ఞాపకం పెట్టుకొనేది ఒక కదలికను కాదు, కదలికల నడుమ ఉన్న సంబంధాన్ని అని దీనివలన ఊహించవచ్చు. ఉప్పల్ మైదానంలో ఆడే బ్యాట్స్‌మన్ ఒకే చోట పడే బంతిని వేయిసార్లు కొట్టి మ్యాచికి సిద్ధపడడు గదా!

అభ్యంతరాలను కూడా విచారించాలి. మొదటిది, రూపం భ్రష్టమవుతుందన్న భయం. ఇది అర్థంలేని భయం కాదు. ఫునాకోషి సైతం కటాను సరిగ్గా, ఉన్నది ఉన్నట్లు చేయాలనే చెప్పినాడు. అసలు పోరాటం వేరన్నాడు. అందుచేత అడుగు సరిగా పడని తొలి వారాలలో ఒకే రీతి అవసరమే. అక్షరం దిద్దని వానికి దత్తపది ఇవ్వరాదు. రూపం కుదిరిన తరువాతనే రీతులు మారాలి, ప్రతి తరగతి చివర అసలు రూపాన్ని ఒకసారి శుద్ధంగా చేసి ముగించాలి. రెండవది, పోటీల ప్రశ్న. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కటా ఒక పోటీ అంశంగా ఉండి, ఒకినావాకు చెందిన కియునా ర్యో, స్పెయిన్ దేశపు సాంద్రా సాంచెజ్ స్వర్ణాలు గెలిచినారు. 2024 పారిస్ క్రీడలలో కరాటేకు చోటు దక్కలేదు. పోటీ వేదికలు వస్తాయి, పోతాయి, విద్య నిలవాలి. మన హైదరాబాదుకు చెందిన సయ్యదా ఫలక్ అంతర్జాతీయ పోటీలలో భారతదేశం తరఫున పాల్గొని పతకాలు తెచ్చింది. అటువంటి వారు మనకు గర్వకారణం. కాని పార్కులో నిలబడ్డ నలభైమంది పిల్లలలో పోటీకి పోయేది ఒకరో ఇద్దరో. తక్కిన వారి కొరకు కూడా పాఠం ఉండాలి.

మూడవ అభ్యంతరం మాస్టార్లది. నలభైమందికి ఒక గంటలో ఇన్ని రీతులు ఎట్లా సాధ్యమంటారు. వారి కష్టం నాకు తెలియనిది కాదు. కిక్కిరిసిన తరగతి గదిలో పాఠం చెప్పేవాణ్ణే నేనూను. పగలు ఒక పాఠశాలలో, సాయంత్రం ఒక అపార్టుమెంటు క్రింద, ఆదివారం పార్కులో నేర్పుతూ బ్రతుకు వెళ్లదీసే వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. తరగతికి ఒక్క రీతి చాలు. ఈ వారం దిక్కు మార్చండి. వచ్చే వారం అంకెలు మానండి. ఆ పై వారం జంటలుగా నిలపండి. శిష్యులు కూడా అందరూ ఒకటి కాదు. ఆరేండ్ల పిల్లవానికి ఆటగా, పదిహేనేండ్ల అమ్మాయికి అర్థంతో, మోకాళ్ల నొప్పులున్న గృహిణికి నెమ్మదిగా, రాత్రి షిఫ్టు చేసి వచ్చిన యువకునికి ఊపిరితో, ఎవరికి తగినట్లు వారికి చెప్పడమే బోధన. లెక్క జపాను భాషలో ఉన్నా సరే, వివరణ మాత్రం పిల్లవాని ఇంటి భాషలో ఉండాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ పిల్ల ఏ రంగు బెల్టుకు వచ్చిందని అడుగవద్దు. నడుమ నుండి చేయమనండి, వంటింటి వైపు తిరిగి చేయమనండి, "ఇది ఎందుకమ్మా?" అని ఒక్క కదలికకు అర్థం అడగండి. ఆమె చెప్పగలిగితే ఆ మాస్టారికి కృతజ్ఞతలు చెప్పండి. చెప్పలేకపోతే మరొక బెల్టు పరీక్షకు ఫీజు కట్టే ముందు ఆయనతో మాట్లాడండి.

విద్యార్థినీ విద్యార్థులారా! అభ్యాసం కూసువిద్య అన్నారు పెద్దలు. కాని ఏ అభ్యాసం? గానుగెద్దు రోజంతా నడుస్తుంది, ఎక్కడికీ చేరదు. మీరు పార్కులో కటా చేసినా, తరగతిలో పద్యం చదివినా, దానిని ఒకసారి వెనుక నుండి, ఒకసారి నడుమ నుండి, ఒకసారి మరొకరి కొరకు చేసి చూడండి. రూపాన్ని గౌరవించండి, దానికి బానిసలు కాకండి. ఎన్ని వైపుల నుండి తిప్పి అడిగినా తడుముకొనకుండా చెప్పగలిగిన నాడే ఆ విద్య మీదవుతుంది.